పింఛను సరే, పలకరింపు ఎవరిది?

అక్టోబరు 1 వచ్చిందంటే అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవ సభలు మొదలవుతాయి. సభ ఖమ్మంలో జరిగినా, కొత్తగూడెంలో జరిగినా, భద్రాచలంలో జరిగినా శాలువాలు కప్పడం అయ్యాక ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటుంది. నెలనెలా పింఛను ఇస్తున్నారు, సర్కారు దవాఖానాలో ఊరికే చూస్తున్నారు, పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి చట్టం ఉంది, ఇక ముసలివాళ్లకు ఇంకేం కావాలి? అడిగేవాళ్లలో వెటకారం ఉండదు, నిజంగానే తెలియక అడుగుతారు. జవాబు మాత్రం ఏటా మొత్తం పెంచుతామన్న హామీ దగ్గరే ఆగిపోతుంది. 2014 నవంబరులో ఆసరా పేరుతో వెయ్యి రూపాయలతో మొదలైన పింఛను 2019లో 2016 రూపాయలైంది. 2023 ఎన్నికల్లో నాలుగు వేల హామీ అయింది. అందులో కేంద్రం ఇచ్చేది 80 ఏళ్ల లోపు వారికి 200, ఆపైన 500 రూపాయలే. ఈ లెక్కలు ఏ రచ్చబండ దగ్గరైనా నోటికి వస్తాయి. వారానికోసారి వచ్చి అరగంట పక్కన కూర్చునే మనిషి సంగతి ఎవరి లెక్కలోనూ లేదు. కొన్ని దేశాలు దాన్ని కూడా ప్రభుత్వ పనిగానే చూస్తున్నాయి. మన అడవి అంచు పల్లెల్లో అది సాధ్యమేనా అంటే, సాధ్యమే. కాకపోతే ఒక షరతుంది. పలకరించడానికి వచ్చే మనిషి చేతిలో డబ్బు సంచి గానీ లబ్ధిదారుల జాబితా గానీ ఉండకూడదు. ఎందుకో వివరిస్తాను.

సంక్రాంతి వెళ్లాక దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో ఏ గూడేనికైనా మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి. తడికలు తాళ్లతో బిగించి ఉంటాయి. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా మిరప కోతలకు ఖమ్మం వైపు మైదాన మండలాలకు పోయి ఉంటారు. కొందరు వారానికి తిరిగొస్తారు, కొందరు ఉగాది దాకా రారు. మిగిలేది చిన్నపిల్లలు, కోళ్లు, ముసలివాళ్లు. వేపచెట్టు కింద నులకమంచం మీద ఒక అవ్వ ఉంటుంది. పక్కన సత్తుగిన్నెలో పొద్దున కాచిన జావ, ఈగలు ముసరకుండా దాని మీద టేకాకు, ఆకు ఎగిరిపోకుండా ఒక చిన్న రాయి. అడుగుల చప్పుడు వినగానే చూపు ఆనని ఆ మనిషి అడిగేది పింఛను గురించి కాదు, కోతల ట్రాక్టరు తిరిగొచ్చిందా అని. మిరప అయ్యాక ఇప్పపువ్వు, ఇప్పపువ్వు అయ్యాక తునికాకు. అలా ఏడాదిలో నాలుగైదు నెలలు పగటి పూట గూడెమంతా ముసలివాళ్లదే.

ఈ ఒంటరితనం మన గణాంకాలకు దొరకదు. 2017-18లో జరిపిన దేశవ్యాప్త వృద్ధుల సర్వే, లాసీ, 60 దాటిన వారిలో దాదాపు 6 శాతం ఒక్కరే ఉంటున్నారని తేల్చింది. ఆ సర్వే విలువైనదే. కానీ మిరప కోతల కాలంలో మంచం మీద మిగిలిన అవ్వ రేషన్ కార్డులో ఐదుగురున్న కుటుంబంలో మనిషి. కాగితం మీద ఆమె ఒంటరి కాదు. పోలవరం నిర్వాసిత కాలనీకి తరలిన వృద్ధుడి సంగతీ ఇంతే. కొడుకు, కోడలు, మనవలు అదే ఇంట్లో ఉంటారు. నలభై ఏళ్లుగా పక్కపక్కన కూర్చుని చుట్ట కాల్చిన మనిషి మాత్రం వేరే కాలనీలో పడి ఉంటాడు. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందు బొగ్గు పట్టణాల్లో ఇంకో రకం. సింగరేణిలో పని చేసి దిగినవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, కొత్తగా కట్టుకున్న ఇంట్లో భార్యాభర్తలిద్దరే. ఇద్దరిలో ఒకరు పోయాక ఒక్కరే. ఈ మూడు ఒంటరితనాలకూ మందు ఒకటే కాదన్నది గుర్తుంచుకోవాలి.

దీన్ని మనసుకు సంబంధించిన చిన్న బాధగా కొట్టిపారేసే రోజులు పోయాయి. అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2015లో వేసిన లెక్కలో, ఒంటరితనం అనుభవించేవారికి అకాల మరణ ముప్పు 26 శాతం, నలుగురితో సంబంధాలు తెగిపోయినవారికి 29 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, దానితో ముడిపడిన మరణాలు ఏడాదికి 8 లక్షల 70 వేలకు పైనే ఉంటాయనీ చెప్పింది. మరి ఎవరో వచ్చి పలకరిస్తే ఇది తగ్గుతుందా? ఇక్కడ అతిశయోక్తులు అక్కర్లేదు. ఇంటికి వెళ్లి కబుర్లు చెప్పే కార్యక్రమాలపై జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినవారు దిగులు కొంత తగ్గుతుందని చెప్పారు, ఆ తగ్గుదల స్వల్పమేనని కూడా చెప్పారు. కొవిడ్ కాలంలో టెక్సాస్‌లో, ఇంటికి భోజనం తెప్పించుకునే 240 మందికి 17 నుంచి 23 ఏళ్ల యువతీయువకులు నాలుగు వారాల పాటు ఫోన్ చేసి మాట్లాడారు. వైద్యులు కారు, కౌన్సెలర్లు కారు, కాస్త వినడం నేర్పి కూర్చోబెట్టినవాళ్లు. ఒంటరితనం, దిగులు, ఆందోళన మూడూ తగ్గాయి. అయితే ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు చర్ల అడవికి తెస్తే నవ్వులపాలవుతాం. సిగ్నల్ ఉండదు. ఉన్నా ఫోను అవ్వ చేతిలో ఉండదు, మిరప చేలో ఉన్న కోడలి దగ్గర ఉంటుంది.

అసలు అడవి అంచున పలకరింపు విలువను దిగులు కొలమానాలతో కాక ప్రాణాపాయంతో కొలవాలని నా అభిప్రాయం. 1995 జూలైలో షికాగోలో వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. ఎవరూ తలుపు తట్టని ముసలివాళ్లు అందులో ఎందరో ఉన్నారని సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ చూపించాడు. 2003లో ఫ్రాన్స్‌లో సుమారు 15 వేల మంది అలాగే పోయాక, ఒంటరి వృద్ధుల పేర్లు మున్సిపాలిటీ దగ్గర నమోదు చేసి వేసవిలో వాకబు చేసే ఏర్పాటు వచ్చింది. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండ తర్వాత వరద. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి నీరు అదే. అలాంటి రాత్రి పడవ వచ్చినప్పుడు ఏ ఇంట్లో నడవలేని మనిషి ఉందో, ఎవరికి చెవులు వినపడవో తెలిసినవాళ్లు ఒడ్డున ఉండాలి. మాటల్లో పెట్టడానికి ఇబ్బందిగా ఉండే ఇంకో ముప్పు కూడా ఉంది. ఏజెన్సీలో చేతబడి నెపంతో దాడులు, హత్యలు జరిగిన వార్తలు మనకు కొత్త కాదు. గూడెంలో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే అనుమానం ముందుగా ఎవరి మీదికి పోతుంది? చెప్పుకోవడానికి మనిషి లేని ముసలివాళ్ల మీదికి. ఆ గడప తొక్కే మనిషి ప్రతి వారం ఒకరున్నారంటే పుకారు పుట్టినప్పుడే బయటికి తెలుస్తుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది కుటుంబవాదం. తల్లిదండ్రులను చూడాల్సింది పిల్లలు, మధ్యలో బయటివాళ్లెందుకు అంటారు. 2007 చట్టం కూడా ఆ ఆలోచన నుంచే పుట్టింది. పిల్లలు పోషించకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, జిల్లాకొకటి చొప్పున 150 మందికి చోటుండే వృద్ధాశ్రమం పెట్టొచ్చు. మిరప కోతకు పోయిన కొడుకు మీద కేసు పెట్టే తల్లి ఎక్కడుంటుంది? అతను వదిలేసి పోలేదు, పొట్ట కోసం పోయాడు. జిల్లా కేంద్రంలో కట్టే వృద్ధాశ్రమం చర్ల అడవిలో ఉన్న కోయ వృద్ధురాలికి మరో దేశంతో సమానం. రెండో అభ్యంతరం ఆదివాసీ సమాజాన్ని ప్రేమించేవారిది. గూడెమంతా ఒకే కుటుంబం, అక్కడ మన పట్టణపు జబ్బులు లేవని వాళ్లంటారు. ఒకప్పుడు నిజమే కావచ్చు, ఇప్పటికీ పండుగ రోజుల్లో నిజమే. విత్తనాల పండుగకు పెద్దలు లేకుండా పని జరగదు. కానీ గూడెం మొత్తం ట్రాక్టరెక్కి పోయిన రోజున ఆ ఆదరణ కూడా ట్రాక్టరెక్కి పోతుంది. డబ్బున్నవారికి మార్కెట్టు ఉందనేది మూడో మాట. 2022లో శంతను నాయుడు ముంబయిలో గుడ్‌ఫెలోస్ పేరుతో, పెద్దవాళ్లకు యువకులను తోడుగా పంపే సంస్థ ప్రారంభించారు. రతన్ టాటా దానికి పెట్టుబడి పెట్టారు. ఆలోచన మంచిదే. కొత్తగూడెంలో విశ్రాంత ఉద్యోగులకు పనికిరావచ్చు. గుండాలలో కాదు.

నాలుగో అభ్యంతరం కార్మిక సంఘాలది. నాకు గట్టిగా తగిలేది ఇదే. 'స్వచ్ఛంద సేవ' అనే మాటతో మన ప్రభుత్వాలు ఎంత చౌకగా పని చేయించుకున్నాయో 2005 తర్వాత వచ్చిన ఆశా కార్యకర్తలను అడిగితే తెలుస్తుంది. వాళ్లు కాగితం మీద ఈనాటికీ స్వచ్ఛంద కార్యకర్తలే. జ్వరాల సర్వే వాళ్లదే, కాన్పుకు తోడు వెళ్లేదీ వాళ్లే, మందుబిళ్లలు పంచేదీ వాళ్లే. ముసలివాళ్లతో కబుర్లు కూడా వాళ్ల నెత్తిన పెడితే అది సేవ అనిపించుకోదు, దోపిడీ అవుతుంది. కాబట్టి రోగికి కట్టు మార్చడం, మంచం మీద ఉన్నవారికి స్నానం చేయించడం లాంటి పనులకు జీతమిచ్చి శిక్షణ పొందినవారిని పెట్టాలి. జిల్లా ఆసుపత్రుల్లో నడుస్తున్న 'ఆలన' పాలియేటివ్ కేంద్రాల బృందాలు అందుకే ఉన్నాయి. పలకరించడం, వినడం, కనిపించింది నలుగురికీ తెలియజేయడం మాత్రమే వాలంటీరు పని. ఈ గీత చెరిగిపోయిన చోటల్లా పథకం చెడింది.

వాలంటీరు అనే మాట చేసిన ప్రయాణం

వాలంటీరు అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది వేరే. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది, ఒక్కొక్కరికి 50 ఇళ్లు, నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనం. 2020 ఫిబ్రవరి నుంచి ఒకటో తారీకు తెల్లవారకముందే పింఛను గడప దగ్గరికి వచ్చేది. భద్రాచలం దగ్గర తెలంగాణ, ఆంధ్ర సరిహద్దులో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనపడేది. 2014లో పూర్వపు ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం పట్టణం దాటి నాలుగు అడుగులు వేస్తే ఎటపాక, అది ఆంధ్ర. ఇవతల తెలంగాణలో వృద్ధురాలు తపాలా కార్యాలయం దగ్గర కూర్చుని, అరిగిపోయిన బొటనవేలిని చీర చెంగుకు రుద్ది మిషన్ మీద పెట్టి, పడక, మళ్లీ రుద్ది, మళ్లీ పెడుతూ ఉండేది. అవతల అదే కోయ భాష మాట్లాడే ఆమె అక్క మంచం దిగకుండానే డబ్బు తీసుకునేది.

మంచి పనేనా? డబ్బు చేరవేయడంలో నిస్సందేహంగా మంచి పని. కానీ జరిగిందేమిటో చూడండి. ఎన్నికల సంఘం 2024 మార్చి 30న వాలంటీర్లు నగదు పంపిణీ చేయకూడదని ఆదేశించింది. ఏప్రిల్ మొదటి వారంలో వృద్ధులు ఎండలో సచివాలయాల ముందు, మే నెలలో బ్యాంకుల ముందు వరుస కట్టారు. కొందరు ప్రాణాలు వదిలారన్న వార్తలొచ్చాయి. మీ వల్లంటే మీ వల్లని పార్టీలు తిట్టుకున్నాయి. జూన్‌లో ప్రభుత్వం మారాక జూలై 1న పెంచిన నాలుగు వేల పింఛనును సచివాలయ ఉద్యోగులే ఇంటికి తెచ్చి ఇచ్చారు. డబ్బు ఆగలేదు. కానీ నెలకోసారైనా 'ఏం పెద్దమ్మా, మందు వేసుకున్నావా' అని అడిగే ఆ కుర్రవాడు మాయమయ్యాడు. అతను ఏ పార్టీ మనిషి అన్న వాదం మనకిక్కడ అనవసరం. పింఛను జాబితా చేతిలో ఉన్నవాడి ముందు ముసలావిడ మనసు విప్పదు. విప్పితే ఎక్కడ పేరు పోతుందోనని భయం. కొడుకు కొడుతున్నాడని చెబితే, అన్నం పెట్టడం లేదని చెబితే రేపు ఏ కాగితం మీదికెక్కుతుందో ఆమెకు తెలియదు. చేతిలో అధికారం ఉన్న మనిషి తోడు కాలేడు. ఇక ఎన్నికలు ఎవరి మీదికి వస్తాయంటే, సరిగ్గా అతని మీదికే వస్తాయి.

బయటి దేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. జపాన్‌లో మిన్సెయి-ఇన్ అనే పౌర సంక్షేమ కార్యకర్తలు సుమారు 2 లక్షల 30 వేల మంది ఉన్నారు. 1917లో ఒకాయామాలో పుట్టిన పద్ధతి అది. మూడేళ్ల కాలపరిమితి, జీతం లేదు, పాల్గొనేవాళ్లు చాలావరకు తామే పెద్దవయసువాళ్లు. పొరుగింటి మనిషి కావడమే వాళ్ల అర్హత. ఆ దేశం 2021లో ఒంటరితనానికి ఏకంగా ఒక మంత్రినే పెట్టింది. అయినా 2024లో ఇళ్లలో ఒక్కరే ఉండి చనిపోయినవారు 76 వేల మందికి పైగా ఉన్నారని అక్కడి పోలీసు లెక్క. వారిలో నాలుగింట మూడొంతులు 65 దాటినవారే. వాలంటీర్ల వయసు మీరిపోతోంది, ఖాళీలు నిండడం లేదు. వాలంటీరు సమాజానికి ఊతమే తప్ప ప్రత్యామ్నాయం కాదని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. బ్రిటన్ 2018లోనే మంత్రిని నియమించింది. అయితే అక్కడ పని ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల మీదే నడుస్తోంది. అమెరికాలో 1970ల నుంచి ఉన్న సీనియర్ కంపానియన్ పథకం నాకు ఇంకా నచ్చుతుంది. 55 దాటిన, ఆదాయం తక్కువున్న పెద్దలే తమకంటే నీరసంగా ఉన్న పెద్దల ఇళ్లకు వెళ్తారు. గంటకు కొంత భృతి, దారి ఖర్చు ఇస్తారు. వెళ్లేవారికీ పని, ఉన్నవారికీ తోడు.

మనకు మరీ దగ్గరగా కనిపించేవి వియత్నాం, కేరళ. వియత్నాం పల్లెల్లో 2006 నుంచి అంతరతరాల స్వయంసహాయక క్లబ్బులు వచ్చాయి. ఒక్కోదానిలో 50 నుంచి 70 మంది సభ్యులు, ఎక్కువమంది పేదలు, ఆడవాళ్లు. పొదుపు, ఆరోగ్యం, పాటలు అన్నీ అక్కడే. మంచం పట్టినవారి ఇళ్లకు క్లబ్బు వాలంటీర్లు వారానికి రెండుసార్లు వెళ్తారు. కేరళలో మలప్పురం చుట్టుపక్కల 1999-2000 నుంచి పొరుగువాళ్లే నడిపే పాలియేటివ్ నెట్‌వర్క్ పెరిగింది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగిన ఎవరికైనా శిక్షణ ఇచ్చారు. ఖర్చు చాలావరకు ఊరి చందాలదే. ప్రభుత్వం 2008లో విధానం ప్రకటించి వెనక నిలబడింది, ముందు నడవలేదు. మనవాళ్లు కేరళ వెళ్లి చూసి వచ్చి భవనాల గురించి చెబుతారు. భవనాలు కావవి, చందా పుస్తకాలు.

జాబితా లేని సందర్శకుడు

మన సరిహద్దుకు ఏది కుదురుతుంది? ముందుగా భాష. గూడెంలో పెద్దవాళ్లకు తెలుగు వస్తుంది, కానీ నొప్పి, కోపం, కల చెప్పుకునేది కోయలోనే. తెలుగులో అడిగితే 'బాగానే ఉన్నా' అంటారు. పట్టణం నుంచి జీపులో వచ్చే వాలంటీరుకు ఆ రెండు మాటలే దక్కుతాయి. పైగా చర్ల అవతల ఛత్తీస్‌గఢ్ అడవి, ఇవతల పోలీసు క్యాంపులు. కొత్త ముఖాన్ని ఎవరూ నమ్మని చోటు ఇది. కాబట్టి సందర్శకులు ఆ గూడెం వాళ్లో పక్క గూడెం వాళ్లో అయి ఉండాలి. 55, 60 ఏళ్ల ఓపికున్న ఆడవాళ్లు ఇందుకు సరిగ్గా సరిపోతారు. మహిళా సంఘాల్లో 60 నిండితే సభ్యత్వం పోయేది. 2025లో తెలంగాణ ఆ పరిమితిని 65కి పెంచింది. 65 తర్వాత? సమావేశానికి పిలుపు ఆగిన రోజునే చాలామందికి నలుగురిలోకి వెళ్లే ఏకైక కారణం పోతుంది. వాళ్లను సందర్శకులుగా తీసుకుంటే ఒక దెబ్బకు రెండు పనులు.

కాలేజీ పిల్లలు వద్దా అంటే, రావాలి, వేరే పనికి. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. భద్రాచలం, కొత్తగూడెం డిగ్రీ కాలేజీల్లో కోయ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలున్నారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు వాళ్లు తాతల మాటలు ఫోనులో రికార్డు చేయొచ్చు. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మ కథను కోయలో నోటితో చెప్పగల పెద్దలు ఇంకెందరు మిగిలారు? జింబాబ్వేలో 2006 నుంచి అవ్వలే బెంచీ మీద కూర్చుని పడుచువాళ్ల దిగులు వింటున్నారు. డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడి ఆలోచన అది. అవ్వ చెప్పేది కూడా ఎవరికో అక్కరకొస్తోందంటే ఆమె కూర్చునే తీరే మారుతుంది.

ఖర్చు భయపెట్టేదేమీ కాదు. వంద గూడేలు, గూడేనికి ఇద్దరు, నెలకు దారి ఖర్చులకు, టీకి ఒక్కొక్కరికి 500 అనుకుంటే ఏడాదికి 12 లక్షలు. భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) బడ్జెట్‌లో అది వెతికినా కనపడని మొత్తం. డబ్బు ఐటీడీఏ ఇవ్వొచ్చు, సందర్శకులను మాత్రం గ్రామసభ ఎంచుకోవాలి, తప్పు చేస్తే గ్రామసభే తీసేయాలి. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల ఇంటికి వెళ్లే మనిషి గురించి ఊరికి తెలిసినంత పోలీసు ధ్రువీకరణకు తెలియదు. అయినా ఇద్దరు కలిసి వెళ్లడం, ఆస్తి కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ముట్టుకోకపోవడం అనే రెండు నియమాలు ఉండాలి. సందర్శకులు కనిపెట్టిన దానికి దారి చూపాలి. రెండో విడత కంటి వెలుగు 2023 జనవరి 18న ఖమ్మంలోనే ప్రారంభమైంది, ఎందరికో అద్దాలిచ్చారు. ఆ అద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని తిరిగేవాళ్లు గూడేల్లో కనపడతారు, ఎక్కడికి పోవాలో వాళ్లకు తెలియదు. ఆ చిన్న సంగతి ఆశాకు చేరడం, తిండి పెట్టని ఇంటి సంగతి పంచాయతీ పెద్దలకు, అక్కడ పని జరగకపోతే 14567 ఎల్డర్ లైన్‌కు చేరడం అవసరం. ఆ ఫోన్ సేవ మొదట 2017లో హైదరాబాదులో టాటా ట్రస్టులు, విజయవాహిని ఫౌండేషన్ కలిసి ప్రారంభించినదే. తర్వాత దేశమంతా విస్తరించింది. అడవిలో దానికి కాళ్లు కావాలి.

చివరగా, ఎవరి జాబితాలోనూ లేనివాళ్ల సంగతి. 2005 తర్వాత సల్వాజుడుం హింస నుంచి పారిపోయి బస్తర్ వైపు నుంచి వచ్చిన గొత్తికోయలు ఈ అడవుల్లో నీళ్లున్న చోట వలస గూడేలు వేసుకున్నారు. తెలంగాణలో వాళ్లకు గిరిజన హోదా లేదు. ఆ గూడేల్లో చాలామంది వృద్ధులకు పింఛను రాదు, కొందరికి వయసు రుజువు చేసే కాగితమే లేదు. అక్కడికి ఇప్పుడు అటవీ సిబ్బంది వెళ్తారు, పోలీసులు వెళ్తారు, మలేరియా సీజన్‌లో ఆశా కార్యకర్త వెళ్తుంది. పింఛను జాబితా పట్టుకుని తిరిగే ఏ వాలంటీరైనా ఆ దారి చివర వెనక్కి తిరగాల్సిందే, అతని కాగితంలో ఆ ఇళ్లు ఉండవు. పక్క గూడెం నుంచి వట్టి చేతులతో, అదే మాట మాట్లాడుతూ నడిచి వెళ్లే మనిషికి మాత్రం ఆ దారి మామూలు దారే.